చెరిపిన చోట ఐదు రంధ్రాలు: తార్ ఆఫీసు టేపు రీడర్‌తో నా అనుభవం

1979లో నేను తంతి తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేరి, హైదరాబాదులో శిక్షణ పూర్తి చేసుకుని, పాలమూరు జిల్లాలోని ఒక తార్ (టెలిగ్రాం) ఆఫీసుకు పోస్టింగు మీద వచ్చాను. మోర్స్ కీ మీద నా చెయ్యి అప్పటికే బాగా కుదిరింది. కొట్టిన అక్షరాలు లైను అవతల అచ్చు పడే టెలిప్రింటర్ మీద కూడా తప్పులు లేకుండా టైపు చేయగలిగేవాణ్ణి. నాకు కొత్తగా అప్పగించినది మాత్రం కాగితపు టేపుతో వార్తలు, అంటే జనం ఇచ్చే తార్లు, పంపే ఆటో ట్రాన్స్‌మిటర్. మేమంతా దాన్ని టేపు రీడర్ అనే పిలిచేవాళ్ళం. బల్ల మీద ఒక మూలన కూర్చునే చిన్న పెట్టె అది. దాని నోట్లో రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ పెట్టి మీట నొక్కితే, ఆ పట్టీలోని వార్త హైదరాబాదు లైను మీద తనంతట తానే వెళ్ళిపోయేది.

ఉన్న టెలిప్రింటర్ కీబోర్డు మీద నేరుగా కొట్టి పంపకుండా ఈ టేపు ఎందుకని మొదటి వారంలో నాకూ అనిపించింది. కారణం లైనులో ఉంది. మా యంత్రాల వేగం 50 బాడ్, అంటే ఒక్కొక్క విద్యుత్ స్పందనకు 20 మిల్లీసెకన్లు. ప్రతి అక్షరానికీ మొదట ఒక ప్రారంభ స్పందన, తర్వాత అక్షరాన్ని తెలిపే ఐదు స్పందనలు, చివర ఒకటిన్నర స్పందనంత సేపు విరామం ఉంటాయి. అన్నీ కలిపితే 150 మిల్లీసెకన్లు. ఆ లెక్కన లైను నిమిషానికి 400 అక్షరాలను, సుమారు 66 మాటలను మోయగలదు. మనిషి చెయ్యి ఎంత ఆడినా, చేతిరాత ఫారాన్ని చూసుకుంటూ, ఊళ్ళ పేర్ల దగ్గర ఆగుతూ కొట్టేటప్పుడు అందులో సగం వేగం నిలుపుకోవడం కూడా కష్టం. జిల్లాకంతటికీ ఆధారమైన ఒక్క లైనును అలా సగం ఖాళీగా నడిపితే వెనుక వార్తలు పేరుకుపోతాయి. అందుకే ఇద్దరు ముగ్గురు తీరిగ్గా టేపులు పొడిచి సిద్ధం చేస్తే, రీడర్ వాటిని ఒకదాని వెంట ఒకటి నిండు వేగంతో పంపేది. అంగుళానికి పది అక్షరాలు పడతాయి కనుక, నిమిషానికి 40 అంగుళాల టేపు రీడర్ గుండా సాగిపోయేది.

ఆ టేపును వర్ణించకుండా ముందుకు వెళ్ళలేను, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. వెడల్పు పదిహేడున్నర మిల్లీమీటర్లు. కొద్దిగా నూనె పట్టించిన పసుపు ఛాయ కాగితం. ఆ నూనె వల్లనే పొడిచే సూదులు త్వరగా మొద్దుబారవు. అడ్డంగా ఒక వరుసలో ఐదు రంధ్రాలకు చోటుంటుంది. రెండో చోటుకూ మూడో చోటుకూ నడుమ, టేపు పొడవునా, మిగతా వాటికంటే చిన్నవైన రంధ్రాలు ఎడతెగకుండా ఉంటాయి. అవి అక్షరానికి సంబంధించినవి కావు, టేపును ముందుకు లాగే పళ్ళ చక్రం కోసం ఉన్నవి. ఆ చిన్న రంధ్రాల వరుసకు ఒక పక్క రెండు, మరో పక్క మూడు చోట్లు ఉండటం వల్ల టేపు ఏ వైపు తిరిగి ఉందో చూడకుండానే వేలికి తెలుస్తుంది. పక్కలు మారేలా పెడితే పళ్ళు రంధ్రాలలో సరిగా కూర్చోవు. బలవంతం చేస్తే చిరుగుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. టేపు చివరి కొసను పట్టుకుని బోర్లా తిప్పి పెడితే పళ్ళు చక్కగానే కూర్చుంటాయి, టేపు నున్నగా సాగుతుంది, వార్త మాత్రం చివరి నుంచి మొదటికి పోతుంది. అందుకే పొడిచిన వెంటనే టేపు మొదటి కొస మీద పెన్సిలుతో బాణం గుర్తు వేయడం మా ఆఫీసు నియమం.

ఐదు చోట్లకు 32 అమరికలే సాధ్యం. అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు అన్నీ అందులో ఇమడవు. అందుకని ఒకే అమరికకు రెండు అర్థాలు ఇచ్చి, ఇప్పుడు ఏ అర్థం తీసుకోవాలో చెప్పడానికి రెండు ప్రత్యేక అమరికలు పెట్టారు. ఐదు రంధ్రాలూ ఉంటే ఇక మీదట అక్షరాలు అని, ఇది అక్షరాల షిఫ్టు. మధ్యది ఖాళీగా ఉండి మిగిలిన నాలుగూ ఉంటే ఇక మీదట అంకెలు అని, ఇది అంకెల షిఫ్టు. మళ్ళీ మార్చే దాకా అవతలి యంత్రం అదే వరసలో ఉండిపోతుంది. కీబోర్డులో పై వరుస క్యూ నుంచి పీ దాకా ఉన్న పది అక్షరాలే ఒకటి నుంచి సున్నా దాకా అంకెలు. క్యూ ఒకటి, డబ్ల్యూ రెండు, ఈ మూడు, ఇలాగే. ఐదు స్పందనల పద్ధతికి 1874లో పేటెంటు పొందినవాడు ఫ్రాన్సుకు చెందిన ఎమీల్ బొదో. బాడ్ అన్న కొలత పేరు ఆయన పేరు నుంచే వచ్చింది. తర్వాత 1901 ప్రాంతంలో డోనాల్డ్ మరే దానిని టైపు కీబోర్డుకూ కాగితపు టేపుకూ అనువుగా మార్చాడు. తరచుగా వచ్చే అక్షరాలకు తక్కువ రంధ్రాలు పడాలని, అప్పుడు యంత్రం తక్కువ అరుగుతుందని ఆయన ఆలోచన. అందుకే ఈకి ఒక అంచున ఒక్కటే రంధ్రం, టీకి అవతలి అంచున ఒక్కటే రంధ్రం. ఇంత దూరం ఆలోచించి చేసిన పనిని రోజూ చేతిలో పట్టుకుంటున్నానన్న సంగతి నాకు ఎంతో సంతోషం కలిగించేది.

ఉదయం డ్యూటీ ఎక్కగానే మొదటి పని మోటారు వేగం చూడటం. ఆ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు మీద నలుపు తెలుపు చారలు ఉంటాయి. ట్యూనింగ్ ఫోర్కును మోగించి, దాని కొసల మీది పలకల చీలికలోంచి చూస్తే, వేగం సరిగా ఉన్నప్పుడు తిరుగుతున్న చారలు నిలిచిపోయినట్టు కనిపించాలి. ముందుకో వెనక్కో జరుగుతున్నట్టుంటే గవర్నరు సర్దాలి. ఆ తర్వాత ఆర్, వై అనే రెండు అక్షరాలను వరుసగా పొడిచి, రెండు కొసలూ అతికించిన పరీక్ష టేపును రీడరులో తిప్పి, మా టెలిప్రింటర్ మీదే అచ్చు వేయించేవాళ్ళం. ఆర్ అంటే రెండు, నాలుగు చోట్ల రంధ్రాలు. వై అంటే ఒకటి, మూడు, ఐదు చోట్ల. రెండూ కలిసి ఐదు చోట్లనూ పరీక్షిస్తాయి.

రీడరు లోపల జరిగేదేమిటో ఈ పరీక్షలోనే నాకు బాగా అర్థమైంది. టేపు కింద ఐదు సన్నని పిన్నులు ఉంటాయి. ప్రతి అక్షరానికీ అవి ఒక్కసారిగా పైకి లేస్తాయి. రంధ్రం ఉన్న చోట పిన్ను పైకి దూరుతుంది, లేని చోట కాగితం దాన్ని ఆపుతుంది. ఏది లేచింది, ఏది ఆగింది అన్నదాన్ని బట్టి కాంటాక్టులు మారి, ఒకటి నుంచి ఐదు దాకా వరుసగా లైను మీదికి స్పందనలుగా వెళతాయి. పిన్నులు దిగాక పళ్ళ చక్రం టేపును ఒక్క అక్షరమంత మేర జరుపుతుంది. ఒక పిన్ను దుమ్ముతోనో అరుగుదలతోనో లేవకపోతే పరీక్ష టేపు దాని సంఖ్యను చెప్పేస్తుంది. మొదటి పిన్ను లేవకపోతే వై స్థానంలో హెచ్ పడుతుంది. మూడోది లేవకపోతే జడ్, ఐదోది లేవకపోతే ఎస్. రెండోది లేవకపోతే ఆర్ కాస్తా క్యారేజీని (పంక్తి వెంట కదిలే భాగాన్ని) వెనక్కి తెచ్చే సంకేతంగా మారి, వై అక్షరాలన్నీ ఎడమ అంచున ఒకదాని మీద ఒకటి పడతాయి. నాలుగోది లేవకపోతే ఆర్ పంక్తి మార్చే సంకేతమై, వై అక్షరాలు కాగితం మీద మెట్ల వరుసలా కిందికి దిగుతాయి. మెకానిక్ కోసం హైదరాబాదుకు కబురు పెట్టేలోపే ఏ పిన్ను దగ్గర బ్రష్షు వేయాలో మాకు తెలిసిపోయేది. ఇంత స్పష్టంగా తన జబ్బును తానే చెప్పే యంత్రాన్ని నేను ఆ తర్వాత చూడలేదు.

ఇక టేపు పొడవడం. టేపు పొడిచే యంత్రమైన పర్ఫొరేటర్‌కు కీబోర్డు ఉంటుంది గాని, మాకు ఇచ్చిన దానిలో అచ్చు పడే కాగితం లేదు. మనం కొట్టిందేమిటో రంధ్రాలు చదివి తెలుసుకోవలసిందే. ముందుగా అక్షరాల షిఫ్టును పది పన్నెండు సార్లు కొట్టి ఒక తోక వదులుతాము. పళ్ళ చక్రం పట్టు కుదిరేలోపు ఏదైనా పోయినా ఆ తోకలోనే పోతుంది. తర్వాత వార్త మొదలని తెలిపే జడ్‌సీజడ్‌సీ, వార్త సంఖ్య, చేరవలసిన ఆఫీసు, చిరునామా, విషయం, చివర నాలుగు ఎన్‌లు. పంక్తికి 69 అక్షరాలకు మించకూడదు. పంక్తి చివర క్యారేజీ వెనక్కి తెచ్చే సంకేతం, పంక్తి మార్చే సంకేతం రెండూ కొట్టాలి. మరిచిపోతే అవతలి యంత్రంలో మిగిలిన మాటలన్నీ కుడి అంచున ఒకే చోట పడి, నల్లటి మచ్చ ఒక్కటే మిగులుతుంది. కాగితం కనబడని కీబోర్డు మీద ఈ లెక్క తప్పకుండా కొట్టడం ఒక సాధన. మొదట్లో పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవాణ్ణి, నాలుగైదు నెలలకు వేళ్ళే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

పొడిచిన టేపును బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎనిమిది అంకె ఆకారంలో చుట్టుకోవాలి. గుండ్రంగా చుడితే విప్పేటప్పుడు మెలి పడుతుంది, ఎనిమిదిగా చుడితే పడదు. రీడరు మూత ఎత్తి, చిన్న రంధ్రాలను పళ్ళ మీద కూర్చోబెట్టి, వేలితో ఒకసారి అటూ ఇటూ కదిపి పట్టు చూసుకుని, మూత దించి, మీట వేయాలి. పర్ఫొరేటర్ నుంచి వస్తున్న టేపును కత్తిరించకుండా నేరుగా రీడరులోకి పంపే సందర్భాలూ ఉండేవి. అప్పుడు రెండింటి నడుమ టేపు ఉయ్యాలలా వేలాడుతూ ఉండాలి. మనం నెమ్మదిస్తే ఆ ఉయ్యాల బిగుసుకుని ఒక చిన్న మీటను పైకి లేపుతుంది, రీడరు ఆగుతుంది. మళ్ళీ కొన్ని అక్షరాలు పొడిస్తే టేపు వదులై తిరిగి నడుస్తుంది. ఆ మీట సరిగా పనిచేయకపోతే టేపు నడిమికి తెగుతుంది కనుక, వారానికోసారి దాన్ని వేలితో లేపి చూడటం నేను అలవాటు చేసుకున్నాను.

పాలమూరు ఎండలు టేపుకు పెద్ద పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో చుట్టలు ఎండి పెళుసుబారేవి, చిన్న రంధ్రాల అంచులు చిట్లేవి. మేము వాడబోయే చుట్టలను నీటి కుండకు దగ్గరలో, తడి తగలకుండా, మూత ఉన్న డబ్బాలో పెట్టేవాళ్ళం. ఇక పొడిచినప్పుడు రాలే కాగితపు రవ్వలు. అవి చెమట పట్టిన ముంజేతులకు అంటుకునేవి. అంచులు పదునుగా ఉండటం వల్ల కంట్లో పడితే ప్రమాదం. డబ్బా ఖాళీ చేసే ముందు వాటి మీద నీళ్ళు చిలకరించాలని మా సీనియరు చెప్పిన మాటను నేను ఒక్కనాడూ తప్పలేదు.

ఆ ఎండాకాలమే పెళ్ళిళ్ళ కాలం కూడా. శుభాకాంక్షల తార్లకు నంబర్లు ఉండేవి. కౌంటరులో మనిషి 8 అని రాస్తే, అందుకునేవారికి దాంపత్య జీవితం కలకాలం సుఖంగా సాగాలన్న పూర్తి వాక్యం చేరేది. వైశాఖంలో కొన్ని రోజులు వరుసగా ఈ ఎనిమిదులే పొడిచేవాళ్ళం. అంకెల షిఫ్టు తప్పితే ఆ 8 కాస్తా ఐ అక్షరమవుతుంది. అంకెల విషయంలో ఎంత భయం ఉండాలో నాకు తెలుసుననే అనుకునేవాణ్ణి. అయినా తప్పు నా చేతి మీదుగానే జరిగింది.

మా జిల్లా నుంచి ఊళ్ళకు ఊళ్ళు కూలి పనుల మీద దేశం నలుమూలలా ఆనకట్టల దగ్గరికీ కాలువల దగ్గరికీ వలస వెళ్ళేవి. పాలమూరు లేబర్ అంటే తెలియని ప్రాజెక్టు లేదు. వాళ్ళ ఇళ్ళకు తార్ రావడమంటే చావు కబురేనని గుండెలు జారేవి. అలాంటి వార్తలకు ఎక్స్ఎక్స్ అన్న గుర్తు వేసి మిగతా వాటికంటే ముందు పంపేవాళ్ళం. ఆ రోజు వచ్చిన పెద్దమనిషి తెచ్చింది మాత్రం శుభవార్త. బిడ్డ పెళ్ళి 12వ తేదీకి ఖాయమైంది, పనికి పోయిన కొడుకు వెంటనే బయలుదేరి రావాలి. ఫారం ఆయన తరఫున ఎవరో ఇంగ్లీషులో రాసిచ్చారు. “సారూ, గిది పొద్దుగూకేలోపల అందుతదా? పిలగాడు రాకుంటె పెండ్లి ముంగట పడది” అని ఆయన అడిగాడు. అందుతుందని నేను మాట ఇచ్చాను.

పొడుస్తున్నప్పుడు 12 బదులు 13 కొట్టాను. వెంటనే గమనించాను. తప్పు దిద్దే పద్ధతి ఏమిటంటే, టేపును ఒక్క అక్షరమంత వెనక్కి జరిపి, తప్పు పడిన చోట ఐదు రంధ్రాలూ పొడవాలి. పొడిచిన రంధ్రాన్ని పూడ్చలేము గనుక, మిగిలినవి కూడా పొడిచి ఆ తప్పును మింగించడమన్నమాట. ఐదు రంధ్రాలకు అచ్చు పడదు, కాబట్టి అవతల ఏమీ కనిపించదు. నేను అలాగే చేసి, రెండు కొట్టి, ముందుకు వెళ్ళాను. ఐదు రంధ్రాలంటే అక్షరాల షిఫ్టు కూడా అన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. తప్పు అంకెను చెరపడంతోనే యంత్రం అంకెల వరస వదిలి అక్షరాల వరసకు వచ్చేసింది. నేను కొట్టిన రెండు అవతల డబ్ల్యూగా పడింది. పెళ్ళి తేదీ ఒకటి డబ్ల్యూ అయింది.

మాకు ఒక రక్షణ ఉండేది. వార్తలోని అంకెలన్నిటినీ చివర సీఓఎల్ అన్న గుర్తు (పోల్చి చూసుకోమని) తర్వాత మరోసారి పంపేవాళ్ళం. అక్కడ నేను అంకెల షిఫ్టు కొట్టే 12 పొడిచాను. అందుకున్న ఆఫీసులోని ఉద్యోగి రెండూ పోల్చి చూసి, తేడా కనబడగానే ఊహించి దిద్దకుండా, ఆర్‌క్యూ, అంటే సందేహం తీర్చమనే ప్రశ్న, పంపి అడిగాడు. అతను చేసినది సరైన పని. డబ్ల్యూ అంటే రెండేనని ఏ టెలిగ్రాఫిస్టుకైనా తెలుసు, అయినా పెళ్ళి తేదీని ఊహ మీద నిలబెట్టకూడదు. అయితే ఆ ప్రశ్న మా దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. పొద్దుగూకేలోపల అన్న నా మాట పోయింది.

మేకుకు గుచ్చి ఉంచిన టేపుల్లోంచి ఆ వార్త టేపు తీసి వేళ్ళ మధ్య జరుపుకుంటూ వచ్చాను. మొదట నాలుగు రంధ్రాలు, అంకెల షిఫ్టు. తర్వాత ఒకటి. తర్వాత నిండుగా ఐదు. ఆ వెంటనే మళ్ళీ నాలుగు రంధ్రాల వరుస ఉండాలి, లేదు. నా పక్కన నిలబడి చూస్తున్న సీనియరు నన్ను మందలించలేదు. “చెరిపినంక అంకె కొట్టొద్దు బిడ్డా, ముందుగాల షిఫ్టు కొట్టాలె. రీడరుకు నీ మనసుల ఉన్నది తెల్వదు, బొక్కలే తెలుస్తయి” అన్నారు. ఆర్‌క్యూకు ఇచ్చే బీక్యూ జవాబు టేపును నేనే పొడిచి, ఈసారి రీడరును లైనుకు కలపకుండా ముందు మా యంత్రం మీదే అచ్చు వేయించి, 12 కళ్ళారా చూసుకుని పంపాను. కొడుక్కు తార్ మరునాడు ఉదయం చేరిందని అవతలి ఆఫీసు తెలిపింది. పెళ్ళికి ఇంకా తొమ్మిది రోజులుంది కనుక అతను రాగలిగాడు. ఆ తొమ్మిది రోజులూ నాకు అన్నం సరిగా సయించలేదు.

అప్పటి నుంచి ఏ టేపునైనా రీడరులో పెట్టే ముందు ఎడమ చేతి బొటనవేలి కింద నుంచి ఒకసారి పూర్తిగా జరిపి చదివేవాణ్ణి. రెండడుగుల టేపుకు అర నిమిషం పడుతుంది. లైను ఎప్పుడూ ఆగి ఉండకూడదని పట్టుబట్టే పనిలో అర నిమిషం చిన్నదేమీ కాదు, దాని గురించి నాతో వాదించినవాళ్ళూ ఉన్నారు. ఆర్‌క్యూ వస్తే పోయేది కొన్ని గంటలని నేను వాళ్ళకు చెప్పేవాణ్ణి. ఐదు రంధ్రాల వరుస తగలగానే వేలు ఆగాలి, దాని వెనుక అంకె ఉందా అక్షరం ఉందా చూడాలి, అంకె అయితే నడుమ నాలుగు రంధ్రాలు ఉండి తీరాలి.

కొన్నేళ్ళకు కొత్తవాళ్ళకు నేర్పే పని నాకు వచ్చింది. నేను వాళ్ళకు కీబోర్డు ముందుగా చూపలేదు. ఒక గజం టేపు పొడిచి, అందులో ఒకే ఒక్క చోట చెరిపిన అంకె తర్వాత షిఫ్టు వదిలేసి, కళ్ళు మూసుకుని వేలితో వెతకమనేవాణ్ణి. కొందరికి ఒక పూట పట్టేది, ఒక అమ్మాయికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం ఆమె వేలు సరిగ్గా ఆ చోట ఆగి, వెనక్కి జరిగి, మళ్ళీ ఆగింది. “ఇక్కడ నాలుగు లేవు సార్” అంది. మరునాటి నుంచి రీడరు డ్యూటీ ఆమెకు వేశాను.